పుస్తకానికి పెట్టిన కుంకుమ

ఇరాక్ సైన్యం కువైట్‌ను పట్టుకుని రెండు నెలలు కావస్తోంది. హవల్లీలో మా బిల్డింగు దాదాపు ఖాళీ. కింద గదిలో నేను, కాపలావాణ్ణి. మూడో అంతస్తులో ఆరన్ సార్, ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటులో ఇంజనీరు. అమెరికా మనిషి, పైగా యూదుడు. దొరికితే పట్టుకుపోతారు. దాచినవాళ్లకు ఉరి అని రేడియోలో చెప్పారు. ఆయన అక్కడున్నట్టు నాకూ మా ఊరి పెంచల్‌కూ మాత్రమే తెలుసు.

ఊరికి పోవడానికి పెంచల్ జోర్డాన్ బస్సులో నాకూ చోటు పట్టాడు. "ఎక్కు సిద్ధయ్య మామా. ఆయప్ప నీకేమన్నా బామ్మర్దా?" అన్నాడు. నేను పోతే ఆయనకు నీళ్లెవరు మోస్తారన్నాను. నన్ను తిట్టుకుంటూనే తన సంచిలో రొట్టెలు సగం నా చేతిలో పెట్టి బస్సెక్కాడు.

వాళ్ల పద్ధతిలో కోసింది కాదని సార్ మాంసం ముట్టేవాడు కాదు. రొట్టె, పప్పు, ఖర్జూరం ఇద్దరమూ పంచుకునేవాళ్లం. మధ్యాహ్నాలు ఆయన చదువుకునేవాడు. అరచేతిలో పట్టేంత పుస్తకం, వాళ్ల పెద్దలు ధర్మం గురించి వాదించుకున్న మాటలు. ఆ చదువు ఒంటరిగా సాగదట, ఎదురుగా ఒక మనిషి కూర్చుని ప్రశ్నలు వెయ్యాలట. నన్ను కూర్చోబెట్టాడు. ఆయన హిందీ, నా హిందీ కలిపి నెట్టుకొచ్చాం. మా ఊరి బడిలో ప్రశ్న అడిగితే బెత్తం లేచేది. ఇక్కడ అడగకపోతే సార్ చిన్నబోయేవాడు.

ఇదంతా చదివేసిందే కదా, మళ్లీ ఎందుకని ఒకరోజు అడిగాను.

"మనిషి పోయేటప్పుడు ఇల్లూ రాదు, జీతమూ రాదు. నేర్చుకున్నదీ చేసిన మంచీ, ఆ రెండే వెంట వస్తాయి," అన్నాడు.

దసరా నవమి వచ్చింది. ఆ సాయంత్రం నుంచే వాళ్ల పెద్ద ఉపవాసం మొదలట. పొద్దున్నే మా వీధిలో సోదాలు మొదలయ్యాయి. ఆ అక్షరాలు చూస్తే తను ఎవరో తెలిసిపోతుందని సార్ పుస్తకం నాకిచ్చి, మేడ మీది ఖాళీ నీళ్లట్యాంకులో దిగాడు. నేను మూత వేసి కిందికొచ్చాను.

నవమికి పనిముట్లను పూజలో పెట్టడం మా ఇంటి అలవాటు. అప్పటికే స్వామి పటం ముందు పానా, సుత్తి, తాళాల గుత్తి పెట్టి, గోడ పక్కన పూసిన కాగితపు పూలు చల్లి ఉన్నాను. దేవుడి మాటలున్న పుస్తకాన్ని పరుపు కింద దూర్చెయ్యడానికి చెయ్యి రాలేదు. కళ్లకద్దుకుని వాటి మధ్యే పెట్టాను. అట్టకు తడి కుంకుమ బొట్టు పెట్టాను.

సైనికులు ఇద్దరొచ్చారు. ఒకడు మేడ మీదికి పోయాడు. రెండోవాడు నా పరుపు తిరగేసి, బియ్యం డబ్బా కదిపి, పుస్తకం తీసుకున్నాడు. తెరవబోతే బొటనవేలికి కుంకుమ అంటింది. వేలు చూసుకున్నాడు, పటం చూశాడు. ఏమిటిదని అడిగాడు.

"దేవుడి పుస్తకం," అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో. అది అబద్ధం కాదు.

తీసిన చోటే పెట్టి, వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. మేడ దిగొచ్చినవాణ్ణి "యల్లా" అని పిలుచుకుపోయాడు.

పొద్దు వాలుతుండగా సార్‌ను ట్యాంకులోంచి పైకి తీసి రొట్టె, పుస్తకం ఇచ్చాను. బొట్టు చూసి ఆయన ముఖం మారిపోయింది.

"మేం పుస్తకానికి పూజ చెయ్యం సిద్ధయ్యా. చదువుతాం. ఇది మాకు కూడని పని," అన్నాడు.

సైనికుడి వేలి సంగతి చెప్పాను. రుమాలుతో అట్ట తుడుస్తున్న చెయ్యి ఆగింది. ప్రాణం నిలబెట్టే పనికి వాళ్ల ధర్మంలో దాదాపు ప్రతి నియమమూ దారిస్తుందని చెప్పాడు. ఆ ఉపవాసానికి ముందు, ఎవరికి కష్టం కలిగించారో వాళ్లను క్షమించమని అడగాలట. ఆయనకు అక్కడ ఉన్నది నేనొక్కణ్ణే. లేచి నిలబడ్డాడు.

"నా వల్ల నీ బస్సు పోయింది. నా వల్ల రోజూ భయపడుతున్నావు. క్షమించు."

నన్ను అట్లా అడిగినవాళ్లు అంతకుముందు లేరు. "తినండి సార్, పొద్దు గుంకుతోంది," అన్నాను.

డిసెంబరులో ఆపిపెట్టిన విదేశీయులను దేశం దాటి పోనిచ్చారు. సార్ పుస్తకాన్ని లోపలి జేబులో పెట్టుకుని వెళ్లాడు. మరక పోలేదు. ఆయన మళ్లీ తుడవనూ లేదు.

యుద్ధం అయిపోయాక పెంచల్ తిరిగొచ్చాడు. ఆయప్ప ఏమిచ్చిపోయాడని అడిగాడు. ప్రశ్న అడగడం నేర్పాడన్నాను.

"అది కూడు పెడ్తాదా మామా?" అని నవ్వాడు. ఆ తర్వాత, ఆయన ఏం చదివేవాడో చెప్పమని నా ఎదురుగా కూర్చున్నాడు.