పండుగప్ప నడిమి ముక్క

"కుక్కర్ పెట్టావా?" అన్నాడు మా ఆయన.

పొయ్యి మీద కాదు. సూట్‌కేసులో.

ఫుడ్ ట్రిప్పుకి వెళుతున్నామండీ మేము. థాయిలాండ్ దక్షిణాన సోంగ్‌ఖ్లా అనే పెద్ద సరస్సు, ఆ సరస్సులో కో యో అనే చిన్న దీవి. చేపలకి పేరట, పళ్లకి పేరట, మగ్గం బట్టలకి పేరట. అలాంటి చోటికి తిండి కోసం వెళుతూ రైస్ కుక్కర్ మోసుకుపోయే వెర్రివాళ్లు మెల్‌బోర్న్ పక్కనున్న మా వెర్రిబీలో కాక ఇంకెక్కడుంటారు? కుక్కర్ గిన్నెలో కందిపొడి, దాని పక్కన చింతపండు, దాని మీద ఆవకాయ సీసా. సీసా పగలకుండా చుట్టడానికి ఏమన్నా ఉందా అని చూస్తే చేతికందినది నేను ఈ ప్రయాణం కోసమే కొనుక్కున్న నీలం డ్రెస్సు. చుట్టేశాను. ఆవకాయకి ఆ డ్రెస్సు భలే నప్పింది.

మా ఆయన రామ్మోహన్‌కి ఒక యూట్యూబ్ ఛానెల్ ఉంది. పేరు 'రామ్ రుచుల రథం'. రథం ఆయనది, లాగేది నేను. వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, శనివారం కెమెరా ముందు కూర్చుంటాడు. మెల్‌బోర్న్‌లో ఆయన మెట్లెక్కని హోటల్ లేదు. కానీ తినడు. ఇదీ ఎవరికీ తెలియని సంగతి. శాకాహారుల్ని చూశాం, మాంసాహారుల్ని చూశాం, ఈయన దృశ్యాహారి. అందరూ రుచి చూడటం అని మాటవరసకి అంటారు, ఈయన అక్షరాలా చూస్తాడు. కెమెరా వైపు తిరిగి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, "సూపర్బ్! అద్భుతః!" అంటాడు. కెమెరా ఆగగానే తల పక్కకి తిప్పుతాడు. ఆ పక్కన నేనుంటాను. నా అరచెయ్యి ఉంటుంది.

ఆ అరచేతి సంగతి చెప్పాలి. పెళ్లయిన కొత్తలో రైల్లో బత్తాయి తింటూ గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక ఆయన దిక్కులు చూస్తుంటే, ముచ్చటపడి నేనే చెయ్యి చాపాను. అంతే, ఆ చెయ్యి మళ్లీ ముడుచుకోలేదు. బత్తాయి గింజల తర్వాత చెరుకు పిప్పి, చెరుకు పిప్పి తర్వాత ములక్కాడ పిప్పి, చేప ముళ్లు, పులిహోరలో మిరపకాయ. కేరమ్ డౌన్స్ గుడి క్యాంటీన్‌లో పక్కనే ఇంత చెత్తబుట్ట నోరు తెరుచుకుని ఉంటుంది, ఆయన దాని ముందు నుంచే నడిచొచ్చి కరివేపాకు నా చేతిలో పెడతాడు. పాణిగ్రహణం అంటే ఏమిటో పెళ్లి చేయించిన పంతులుగారు నాకు సరిగా చెప్పలేదు. ఆయన పట్టుకున్నది చెయ్యి అనుకున్నాను నేను, చెత్తబుట్ట పిడి అని తర్వాత తెలిసింది.

"మా వాడికి పరాయి చేతి వంట పడదమ్మా," అంది మా అత్తగారు నేను కాపరానికొచ్చిన మొదటి రోజు, అదేదో కొడుక్కొచ్చిన డాక్టరేటు అయినట్టు. అప్పటికి నేనూ పరాయిదాన్నే కదా, నా చెయ్యి ఎప్పుడు సొంతమయిందీ అని అడగాలని ఇప్పటికీ నోటిదాకా వస్తుంది. ఆ డాక్టరేటు పట్టుకునే ఈయన ఆస్ట్రేలియా వచ్చాడు. ఇక్కడ నేను చైల్డ్‌కేర్ సెంటర్లో పనిచేస్తాను. రెండేళ్ల పిల్లల గది నాది. అక్కడ ముక్కు తుడవాలన్నా గ్లవ్స్ ఉంటాయి, గ్లవ్స్ పారేయడానికి కాలితో తొక్కితే మూత తెరుచుకునే బిన్ ఉంటుంది, తొక్కినందుకు జీతం ఉంటుంది. తింటున్నది నచ్చక పిల్లాడు నోరు తెరిచి నా వైపు వస్తే నేను వాడి చేతిలోనే టిష్యూ పెట్టి, "మన నోట్లోది మన చేతిలోకే, నాన్నా. చేతిలోది బిన్‌లోకి," అంటాను. తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు కాబట్టి తెలుగులోనే అంటాను. నాలుగు రోజుల్లో నేర్చేసుకుంటారు. రెండేళ్ల వాళ్లు.

ఈ కో యో ప్రయాణానికి నేను ఎందుకు ఒప్పుకున్నానంటే, పండుగప్ప కోసం. మాది ఆకివీడు. కొల్లేరు పక్కన పుట్టినదాన్ని, చేప వాసన తెలియకుండా అన్నం తినలేదు. ఆ దీవి చుట్టూ సరస్సులో వలలు కట్టి పండుగప్పల్ని పెంచుతారని ఛానెల్ కోసం ఈయన చూస్తున్న వీడియోలో చూశాను. ఆస్ట్రేలియాలో దాన్నే బారముండి అంటారు, ఇంటికి తెస్తాను, నేనే చేస్తాను, నేనే వడ్డిస్తాను. నడిమి ముక్క ఆయనకి, పక్క ముక్క అమ్మాయికి. ఇంటికి తలకాయ ఆయన కాబట్టి తలకాయ కూడా ఒక్కోసారి ఆయనకే. నాది తోక. అది కూడా అందరూ తిన్నాక, చల్లగా, సింకు పక్కన నిలబడి.

అందుకే టిక్కెట్లు కొనేముందు ఒకే ఒక్క మాట అడిగాను. "అక్కడ ఒక్క పూట నేను కూర్చుని తింటానండీ. వేడిగా. ఎవరో వండిన పండుగప్ప, నడిమి ముక్క."

"ఓస్, అంతేనా! మొత్తం చేప తినెయ్," అన్నాడు.

మా అమ్మాయి అపూర్వ యూనివర్సిటీకి వెళుతూ ఇదంతా విని, "అమ్మా, యూ ఆర్ ఆస్కింగ్ ఫర్ లంచ్. నాట్ ఎ కిడ్నీ," అని వెళ్లిపోయింది.

మాతో పాటు మెల్‌బోర్న్‌లోనే అటు చివరున్న క్రెయిగీబర్న్ నుంచి యోగానంద్, అతని భార్య శాంతి వచ్చారు. యోగానంద్ మా ఆయన కెమెరామన్. శాంతి నా కన్నా పదేళ్లు చిన్న, నన్ను అక్కా అంటుంది. కౌలాలంపూర్‌లో విమానం మారి హాట్ యాయ్‌లో దిగి, కారులో పొడుగాటి వంతెన మీదుగా దీవి చేరాం. సరస్సులో గుంజల మీద కట్టిన ఇల్లు మా బస. పలకల సందుల్లోంచి కింద నీళ్లు కనిపిస్తున్నాయి. గాలి, నాచు వాసన, దూరంగా వలల గళ్లు. కొల్లేరే నా కంటే ముందు విమానమెక్కి వచ్చి కూర్చుందనిపించింది. అక్కడే నిలబడిపోయాను.

"ఓయ్! కుక్కర్‌కి ప్లగ్గు పాయింటు ఎక్కడుందో చూడు," అన్నాడు లోపల్నించి.

కో యో. ఆ యో ని తిరగేస్తే ఓయ్. పెళ్లయిన దగ్గర్నించీ అలివేలు పోయి నా పేరు అదే కాబట్టి, దీవి నా పేరు మీదే ఉందనుకుని లోపలికి వెళ్లాను. హోమ్ స్టే అంటే ఏమిటో అప్పుడర్థమయింది. హోమ్ ఇక్కడికి కూడా వచ్చి స్టే చేస్తుంది.

మొదటి రోజు బజార్లో ఖావ్ యామ్ అనే అన్నం తెప్పించాడు. చూడ్డానికి ముగ్గు వేసినట్టుంది. మధ్యలో అన్నం, చుట్టూ సన్నగా తరిగిన నిమ్మగడ్డి, పచ్చి ఆకులు, పంపర పనస తొనలు, వేయించిన కొబ్బరి, ఎండు రొయ్యల పొడి. పైన నల్లటి పులుసేదో పోసి కలుపుకోవాలి. మన పులిహోరకి దూరపు చుట్టంలా ఉంది, పలకరించాలనిపించింది. మా ఆయన కలిపాడు, నోట్లో పెట్టుకున్నాడు, "అద్భుతః!" అన్నాడు. తల తిప్పాడు. నా చేతిలో పడింది. వెచ్చగా, సగం నమిలి.

"ఛీ, గడ్డి మేసినట్టుంది. పార్శిల్ కట్టించు, రూమ్‌లో కాస్త తాలింపు పెడితే తినచ్చు."

పెట్టాను. ఆవాలు, ఎండుమిరప, ఇంగువ. ఆ లేత ఆకులు వేడి నూనెలో పడి నల్లబడిపోతుంటే, ఎవరి పెళ్లిపిల్లకో ముఖాన మసి పూస్తున్నట్టనిపించింది. మా ఆయన, యోగానంద్ లొట్టలేసుకుని తిన్నారు. "వదినగారూ, మీరుంటే ఏ దేశమైనా మన దేశమే," అన్నాడు యోగానంద్. అడుగంటింది నేనూ శాంతీ తిన్నాం.

మర్నాడు మిగతా ముగ్గురూ పడుకున్న బుద్ధుడి విగ్రహం దగ్గరికి, మగ్గాల వీధికి వెళ్లారు. నేను బుద్ధుడి దాకా వెళ్లగలిగాను, ఫ్లాస్కు పట్టుకుని. ఆయన ఎంత హాయిగా పడుకున్నాడంటే, ఆ పక్కన ఎవరూ "లే, టీ పెట్టు" అనేవాళ్లు లేరని తెలిసిపోతుంది. అంతలో మా వాళ్లకి మధ్యాహ్నానికి పప్పు కావాలని గుర్తొచ్చింది. సైట్ సీయింగ్ వాళ్లు చేశారు, సింక్ సీయింగ్ నేను చేశాను. మగ్గాల చప్పుడు మాత్రం ఉల్లిపాయలు తరుగుతుంటే వినిపించింది. అది మగ్గమో, నా కత్తో, రెండూ ఒకే తాళంలో కొట్టుకుంటున్నాయి.

మూడో రోజు పండుగప్ప రోజు.

నీళ్ల మీద తేలే హోటలు. నేను పొద్దున కాఫీ కూడా సగమే తాగాను. ఆవకాయ సీసాకి చుట్టిన నీలం డ్రెస్సు విప్పి, నూనె మరక కనపడకుండా పైన చున్నీ సర్దుకుని వెళ్లాను. పళ్లెం నిండా చేప వచ్చింది. చీరి, కరకరలాడేలా వేయించి, వెల్లుల్లి చల్లి, పక్కన పచ్చి మామిడి కోరు. పొగలు. ఆ పొగ నా ముఖానికి తగలగానే ఆకివీడులో మా నాన్న చేపల గమేళా గుమ్మంలో దింపిన చప్పుడు చెవిలో వినిపించింది. చెయ్యి పెట్టబోయాను.

"ఓయ్, ముట్టుకోకు! షాట్ పాడవుతుంది."

చెయ్యి తీసేశాను. పైనుంచి ఒక షాట్. పక్కనుంచి ఒక షాట్. వెనకాల సరస్సు కనపడాలని పళ్లెం తిప్పారు. గాలికి మామిడి కోరు వాలిందని సరిచేశారు. నా వీపు అడ్డొస్తోందని నన్ను లేపి ఆయనకి ఆ పక్కన కూర్చోబెట్టారు. పొగలు సన్నబడ్డాయి, ఆగిపోయాయి. నేను చేపని చూస్తున్నాను, చేప నన్ను చూస్తోంది. మా ఇద్దరి కళ్లూ ఒకేలా ఉన్నాయి, మూతపడకుండా.

ఆఖరికి యోగానంద్ "రోలింగ్" అన్నాడు. మా ఆయన సరిగ్గా నడిమిన గిల్లి, మిరపకాయతో సహా నోట్లో పెట్టుకున్నాడు. "ఫ్రెండ్స్, ఏం చెప్పమంటారు! అద్భుతః!" కారంతో కళ్లలో నీళ్లు. కెమెరా ఆగిందో లేదో కూడా చూసుకోలేదు, తల తిప్పాడు.

నా చెయ్యి వెళ్లింది. నేను పంపలేదు, దానంతటదే వెళ్లింది. నా అసహ్యమంతా అక్కడ మొదలయింది, ఆయన నోటి మీద కాదు, నా చేతి మీద. అందులో పడిన దాన్ని చూశాను. నడిమి ముక్క. నేను అడిగిన ముక్కే. ఎవరో వండిన పండుగప్ప. నా చేతికి వచ్చింది, ఆయన నమిలాక.

"బాబోయ్ నీచు," అన్నాడు ఆయన, మూతి తుడుచుకుంటూ. "ఓయ్, పార్శిల్ కట్టించు. రూమ్‌కెళ్లి మన మసాలా వేసి ఇగురు పెట్టేద్దువుగాని. కాస్త చారు కూడా. నడు, ఆకలేస్తోంది."

అప్పుడు నాకు గొంతు లేచింది. ఇంట్లో గొంతు కాదు, సెంటర్లో గొంతు. మెత్తగా, చిరునవ్వుతో, పసివాడికి అర్థమయ్యేట్టు. ఆయన కుడిచెయ్యి పట్టుకుని, వేళ్లు విప్పి, నా అరచేతిలోది ఆయన అరచేతిలోకి వంచాను.

"మన నోట్లోది మన చేతిలోకే, నాన్నా."

యోగానంద్ కెమెరా లైటు ఇంకా ఎర్రగా వెలుగుతూనే ఉంది. శాంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో, భయానికో తెలియదు.

"ఏంటే ఇది? పిచ్చా? అందరి ముందూ..." అన్నాడు ఆయన. "యోగీ, అది కట్ చేయ్!"

నేను లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాను. సబ్బుతో, వేళ్ల సందుల్లో కూడా, పిల్లలకి నేర్పినట్టు. తిరిగొచ్చి పళ్లెం నా ముందుకి జరుపుకున్నాను. వడ్డించే అమ్మాయికి దాన్ని చూపించి ఇంకొకటి వేడిగా తెమ్మన్నాను. అది వచ్చేదాకా మా చేపకి అవతలి వైపు నడిమి ముక్క తీసుకున్నాను. చల్లారింది కానీ ఎవరూ ముట్టనిది. వెల్లుల్లి, ఉప్పు, పుల్లమామిడి. నెమ్మదిగా నమిలి మింగాను. ముల్లు తగిలితే తీసి నా పళ్లెం అంచున పెట్టుకున్నాను.

"అక్కా, నాకూ కొంచెం," అని శాంతి కుర్చీ లాక్కుని నా పక్కకి వచ్చింది.

"ఇగురు ఎవరు పెడతారు? నేనేం తినాలి మరి?" అన్నాడు మా ఆయన, నిలబడే.

వేడి చేప వచ్చింది. ఈసారి పొగ నా ముఖానికే.

"రూమ్‌లో కుక్కర్ ప్లగ్గుకే ఉందండీ," అన్నాను. "బియ్యం సంచిలో ఉన్నాయి. ఆవకాయ ఉంది. మీకు రెండు చేతులున్నాయి. ఒకదాంట్లో మీ ఎంగిలి ఉంది, రెండోది ఖాళీగానే ఉంది."