ఫ్లాస్కు ఎవరి చేతిలో

సైకిల్ ట్రాక్ వాలు మీద ఎల్లేష్ బోర్లా పడుకుని ఉన్నాడు, వీరేశం ఎప్పటిలాగే వాడి పిక్కలకు నూనె పట్టించి మాలీషు చేస్తున్నాడు, ఎంత రుద్దినా ఆ కాళ్లు వేడెక్కడం లేదు. ఎల్లేష్ పోయి పదకొండేళ్లయిందని వీరేశానికి గుర్తే, అయినా రేసుకు టైమైపోతోందని కంగారు పడుతున్నాడు, అందులో వింతేమీ తోచడం లేదు.

"గట్టిగ రుద్దే అన్నా. సచ్చినోని కాళ్లని భయమా?"

"నోర్మూసుకొని పండుకో," అంటాడు వీరేశం. సైక్లింగ్ జట్టులో అందరి కాళ్లూ పిసికి బతికినవాడే గానీ, ఒకరి చేత మాట పడే రకం కాదు.

"నా మీద సినిమా తీస్తున్రంట గద. దగ్గరుండి అన్నీ నువ్వే చెప్తున్నవంట. నా అంతట నేనే సూది పొడుచుకున్న అని చెప్పినవా?"

నూనె సీసా కోసం చెయ్యి చాపితే స్టీలు ఫ్లాస్కు తగులుతుంది, ఐసు ముక్కల మధ్య దొంగచాటు సూది మందు దాచి రేసు రేసుకూ తను మోసిన ఫ్లాస్కే, దాన్ని అవతలికి తోసేద్దామనుకునేలోపు ట్రాకు కాస్తా ఆసుపత్రి వరండా అయిపోతుంది, ఆ వరండాలో ఎల్లేష్ సైకిలెక్కి రౌండ్లు కొడుతూ, ప్రతి రౌండుకూ వచ్చి మొహంలో మొహం పెట్టి అడుగుతున్నాడు.

"బలానికి సూది, విటమిన్ అన్నవా లేదా?"

"అన్న. అయితే ఏందిరా? గెలిచిననాడు అడగలేదేంది? పేపర్ల ఫోటో పడ్డనాడు అడగలేదేంది?"

"నెత్తురు చిక్కబడి ఆగింది నా గుండె. నీది కాదు. నేను పోయినంక ఎంక్వైరీల, ఫ్లాస్కు ఎవనిదని అడిగితే ఏం చెప్పినవ్?"

వీరేశానికి ఒళ్లు మండిపోతుంది. చచ్చినా వీడి పొగరు తగ్గలేదు. తనకు పెళ్లాం పిల్లలున్నారు, ఉద్యోగం ఉంది, పోయినవాడికి పరువుతో ఏం పని అని ఆనాడు అనుకున్నాడు, ఇప్పుడూ అదే అనబోతే నోట్లోంచి వేరే మాట వస్తుంది. "నీదే అని చెప్పిన."

"నా కొడుకు దొంగ కాదని మా అమ్మ ఇంటింటికి తిరిగి చెప్పుకున్నది. ఒక్కలు నమ్మలే. సినిమాల గూడ నా చేతికే ఇస్తవా?"

ఆఖరి రౌండు గంట మోగుతుంది. ఎల్లేష్ ఆగకుండానే ఫ్లాస్కు అందుకుని వీరేశం ఒళ్లోకి విసిరేస్తాడు. "ఇగ నువ్వే మొయ్యి."

షూటింగ్ టెంటు కింద, ప్లాస్టిక్ కుర్చీలో వీరేశానికి మెలకువ వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండ. ఒళ్లో పొద్దున తనే ఐసు నింపిన ఫ్లాస్కు ఉంది, మూత సరిగా పట్టక ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. డైరెక్టర్ ఎదురుగా నిలబడి చెయ్యి చాపాడు.

"ఇవ్వండి వీరేశంగారూ, షాట్ రెడీ. ఎల్లేష్ వేషం వేసినాయన చేతికివ్వాలి."

చల్లబడి కొంకర్లు పోయిన వీరేశం వేళ్లు ఫ్లాస్కును వదల్లేదు.

"వాని చేతిల లేకుండె సార్," అన్నాడు. "నా చేతిలనే ఉండె."