టెలి అంటే దూరం

టెలి అంటే గ్రీకు భాషలో దూరం. ఈ సంగతి నాకు చెప్పింది మా తమ్ముడు నబీ. తంతి పని నేర్చుకునే రోజుల్లో లాలాగూడలోని మా రైల్వే క్వార్టరంతా మోత మోగించేవాడు. గరిటె దొరికితే కంచం మీద, తాళంచెవి దొరికితే బిందె మీద, టక్కు టకటక్కు.

"అన్నం తినే కంచం రా అది! జెర సోయి తెచ్చుకో," అని కసిరేదాన్ని.

"గ్రాఫ్ అంటే రాత, ఆపా. టెలిగ్రాఫ్ అంటే దూరపు రాత. టెలిఫోన్ అంటే దూరపు గొంతు. మాటలు గ్రీకులయి. తీగలు వాళ్ళకేడివి? ఎనక ఫ్రెంచోళ్ళు ఆ రెండు మాటలు అతికిచ్చిండ్రంట. యేసుదాసు మాస్టర్ చెప్పిండు."

యేసుదాసు సికింద్రాబాద్ స్టేషన్ తంతి గదిలో పెద్ద. మా ఆయన ఫకీర్‌కీ, నబీకీ ఆయనే పని నేర్పాడు. రాతలాగే తంతి కొట్టడంలోనూ ఎవరి చెయ్యి వారిదట. నబీ ప్రతి మాటకూ చివరి దెబ్బను సాగదీసేవాడు. మాస్టర్ ఎంత తిట్టినా ఆ వంకర పోలేదు.

నబీకి బీదర్ అవతల చిన్న స్టేషన్లో ఉద్యోగం వచ్చింది. కాన్పుకని భార్య హజీరాను మా ఇంట్లో దింపి వెళ్ళాడు. రోజూ పని ముగిసే ముందు తీగ మీద క్షేమం పంపేవాడు. అతనికి సెలవైతే ఇంకెవరో పంపేవారు. అందుకే మా ఆయన గడపలో కాలు పెట్టగానే హజీరా అడిగే మాట ఒక్కటే. "చెయ్యి ఆయనదేనా, భాయిజాన్?"

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. రెజిమెంటల్ బజార్లో జెండాలు లేచాయి. బీదర్ వైపు తీగ మాత్రం మూగబోయింది. రజాకార్లు చేసిన పాపాలకు, వాళ్ళ ముఖం కూడా చూడనివాళ్ళ ఇళ్ళు అటువైపు తగలబడుతున్నాయని అక్కడినుంచి తప్పించుకొచ్చినవాళ్ళు చెప్పారు. హజీరాకు ఆ మాట చేరకుండా తలుపు దగ్గరే కాపలా కాశాను.

తీగ బాగయిందని తెలిసిన రోజున బురఖా వేసుకుని స్టేషనుకు వెళ్ళాను. ఆడవాళ్ళు రాకూడదని గుమాస్తా ఎవరో అడ్డుపడితే, "నా తమ్ముని కోసం వచ్చిన, పక్కకు జరుగు," అన్నాను. మాస్టర్ లోపలికి రమ్మన్నాడు.

మాస్టర్ పిలుపు కొట్టాడు. కాసేపటికి జవాబు మొదలైంది. మా ఆయన రాసుకుని పైకి చదివాడు. "నబీ క్షేమం."

నాకు ఆ అక్షరాలు రావు. కానీ ఆ చప్పుడు పద్నాలుగేళ్ళ పిల్లవాడిగా మా కంచాల మీద వాడు కొట్టిన చప్పుడు కాదు. ప్రతి దెబ్బా బెండకాయ ముక్కల్లా సమంగా తెగిపడింది. ఒక్కటీ సాగలేదు.

నబీనే మీట ముందు కూర్చోబెట్టమని మాస్టర్ తీగ మీద అడిగాడు. సెలవులో ఉన్నాడని జవాబు వచ్చింది. రైళ్ళే నడవని చోట సెలవు పెట్టి ఎక్కడికి పోతాడు?

మాస్టర్ కళ్ళద్దాలు తీశాడు. "ఎవడో మంచోడే, బిడ్డా. చెప్పనీకె మనసు రాక గిట్ల కొట్టిండు."

నాకు ఒళ్ళు మండిపోయింది. గ్రీకు మాటకు అర్థం దూరం, అంతే. దగ్గర చేస్తుందని మేమే కలుపుకున్నాం. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

"కాన్పు అయ్యేదాంక ఆమెకు చెప్పొద్దు," అన్నాడు మా ఆయన దారిలో. సరేనన్నాను.

హజీరా వంటింట్లో చాటలో బియ్యం ఏరుతోంది. నబీ క్షేమమని తంతి వచ్చిందని మా ఆయన చెప్పాడు. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు సుత విన్నవా, ఆపా? చెయ్యి ఆయనదేనా?"

"ఆయనదే. నాకు తెల్వదా?" అన్నాను. ఆమె ఇంకా నా ముఖమే చూస్తుంటే, గరిటె తీసుకుని కంచం మీద కొట్టి వినిపించాను. చివరి దెబ్బను వాడిలాగే సాగదీశాను. "గిట్లనే కొట్టిండు."

హజీరా శ్రద్ధగా విన్నది.

"ఆయన ఇంకా సాగదీస్తడు, ఆపా," అంది. చాట పక్కన పెట్టి, రెండు చేతులూ మెడ వెనక్కి పోనిచ్చి, పెళ్ళినాటి నల్లపూసల లచ్చా ముడి విప్పసాగింది. నేను గరిటె పట్టుకునే నిలబడ్డాను.