ఆమె వెనకాల లైను

పొద్దున్నే కళ్ళజోళ్ళ షాపుకి బయల్దేరితే పెద్దమ్మాయి దారిలో ఎక్కడా ఆగదు. ఎర్ర లైటు పడితే ఉన్నచోటే అటూ ఇటూ పచార్లు చేస్తుంది. తెలిసినవాళ్ళు పలకరిస్తే నడుస్తూనే జవాబిస్తుంది, పాపం వాళ్ళే పక్కన పరుగెత్తాలి. ఆగిందంటే ఆమె వెనకాల లైను కడతారు. ముందు ఎవడో ఒకడొచ్చి నిలబడతాడు, వాడి వెనక సంచీతో ఒకావిడ, ఆవిడ వెనక మరొకరు. దేనికని ఎవరూ అడగరు. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. కొందరికి ఎండలోకి వెళితే తుమ్ములొస్తాయి, ఈమెకి నిలబడితే లైనొస్తుంది. ఇంట్లోవాళ్ళకి గానీ వీధిలోవాళ్ళకి గానీ అది చెప్పుకోదగ్గ సంగతిగా ఎప్పుడూ తోచలేదు.

కూర్చుంటే ఏ గొడవా లేదు. అందుకే షాపు వెనకగదిలో స్టూలు మీద కూర్చుని అద్దాల అంచులు అరగదీసే పని కుదుర్చుకుంది. అక్కడా ప్రశాంతంగా ఉండనిస్తే కదా. బేరాలు లేని మధ్యాహ్నం పూట యజమాని తల లోపలికి పెట్టి, "అమ్మా, కాసేపు గుమ్మంలో నిలబడి గాలి పీల్చుకోరాదూ" అంటాడు. ఆమెకి గాలి మీద ఆశ లేదు, కాదనే అలవాటూ లేదు. వెళ్ళి నిలబడుతుంది. వీపు మీద అంతమంది చూపులు మోసుకుంటూ సాయంత్రానికి మెడ పట్టేసి ఇంటికొస్తుంది.

ఆమె హాయిగా నిలబడే చోటు ఒక్కటే ఉండేది. అది తమ్ముడు ఆడే ఆటలో ఉంది. కంప్యూటర్లో వేలమంది ఒకేసారి ఆడే ఆట అది. అందులో ఒక కోట, కోట ముందు సంత, చుట్టూ అడవులు. తమ్ముడు సరదాకి అక్కకి కూడా నీలం శాలువా కప్పి ఒక బొమ్మని తయారుచేసి ఇచ్చాడు. కత్తులూ యుద్ధాలూ ఆమెకి పట్టవు. ఇంటికి రాగానే మొహం కడుక్కుని, ఆ బొమ్మని బురదనేల దాటించి, ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి, గాలం చేతికిచ్చి నిలబెట్టేది. వెనక గడ్డి తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఎవరూ రాని చోటు కాబట్టి లైను లేదా, లేక ఆ లోకంలో తనకి ఆ బెడద అసలే లేదా అన్నది ఆమె తేల్చుకోలేదు. సంతలో ఒక్క నిమిషం నిలబడితే తేలిపోయేది. అందుకే సంతలో ఎప్పుడూ నిలబడలేదు.

తమ్ముడికి మాత్రం ఆ సంతే బతుకు. ఇంటింటికీ పార్సిళ్ళు అందించే ఉద్యోగం పోయాక ఎన్ని తలుపులు తట్టినా మరోటి దొరకలేదు. చివరికి ఆటలోనే చిన్న కొట్టు పెట్టాడు. అడవిలో వేటాడి అలిసిపోయినవాళ్ళ దగ్గర తోళ్ళూ, మందువేళ్ళూ చవగ్గా కొని, సంతలో నాలుగు నాణేలు ఎక్కువకి అమ్మడం. ఆ నాణేలని బయట అసలు డబ్బిచ్చి కొనేవాళ్ళున్నారు. వ్యాపారం మంచిదే, సరుకు కొనేవాళ్ళే లేరు.

ప్రచారానికి తక్కువేం చేయలేదు. అందరి తెరల మీదా మాట కనబడేలా సంతలో అరుపు అరవడానికి ఆట ఒప్పుకున్నప్పుడల్లా అరిచేవాడు, పెద్ద కొట్లవాళ్ళ అరుపులు పైనపడి వాడి మాట తెర మీద కంటికి ఆనకముందే కొట్టుకుపోయేది. బోర్డు రాయించి పెట్టాడు. కొత్తగా ఆటలోకి వచ్చినవాళ్ళకి టోపీలు ఉచితంగా పంచాడు, వాళ్ళు ఆ టోపీలు పెట్టుకుని ఎదుటి కొట్లో కొనుక్కున్నారు. కొట్టు ముందు డాన్సు చేయడానికి నలుగురిని కుదిర్చాడు. జనం డాన్సు చూసి చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. వాడు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు, ఆ సంతలో ఈగలు కూడా లేవనుకోండి. పైగా ఈ సీజను ముగిసేలోగా బేరాలు కనబడకపోతే కొట్టు తీసేసి వేరేవాడికి ఇచ్చేస్తామని ఆట నడిపేవాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది.

"నలుగురు నిలబడి ఉంటే అయిదోవాడు తనే వస్తాడక్కా. నాకు ఆ మొదటి నలుగురే దొరకట్లేదు" అన్నాడు, గోడకి ఆనుకుని కూర్చుని.

"మీ అక్క ఉందిగా" అంది అమ్మ, బట్టలు మడతపెడుతూ. గొడుగు తలుపు వెనకుందని చెప్పినంత మామూలుగా అంది.

పెద్దమ్మాయి తమ్ముడి వైపు తిరిగింది. "అక్కడ నాకు లైను రాదేమోరా."

"రాకపోతే పోనీ. ఒక్కసారి చూద్దాం. నువ్వు చేసేదేముందక్కా, ఊరికే నిలబడటమే కదా."

ఊరికే నిలబడటం కోసమే తను ఆ ఏటి దాకా పోతోందని వాడికెలా చెప్పాలి? వాడి కళ్ళకింద నలుపు చూసింది. చెప్పాలని నోరు తెరిస్తే, "సరే" అన్న మాటే బయటికొచ్చింది.

బొమ్మని తీసుకెళ్ళి కొట్టు ముందు నిలబెట్టింది. చాలాసేపు ఎవరూ రాలేదు. పక్కనుంచి గుర్రాలు పోతున్నాయి, మాంత్రికులు పోతున్నారు. తమ్ముడి మొహం వాడిపోతున్న కొద్దీ ఆమె మనసు తేలికపడింది, అందుకు సిగ్గుపడింది కూడా. అప్పుడు ఇనపటోపీ పెట్టుకున్న సిపాయి ఒకడు వచ్చి నీలం శాలువా వెనక ఆగాడు. వాడి వెనక చేతికర్ర ముసలాడు. చూస్తుండగానే లైను సంత దాటి కోట ద్వారం దాకా పాకింది.

తమ్ముడు కుర్చీలోంచి లేచి గంతేశాడు. పెద్దమ్మాయి కుర్చీలోనే కూర్చుంది. హాయిగా నిలబడడానికి తనకి మిగిలిన చోటు ఆ ఆటొక్కటే, అదీ పోయింది.

అయితే ఒక్క బేరమూ అవలేదు. వాడు చేసిన పొరపాటు అలాంటిది. అక్కని కౌంటరుకి ఎదురుగా, అందరికంటే ముందు నిలబెట్టాడు. ఆమె కొనేది లేదు, కదిలేది లేదు, ఆమెని దాటి ముందుకొచ్చేవాడు లేడు. "కాస్త పక్కకి జరుగక్కా" అన్నాడు. జరిగింది. లైను మొత్తం ఆమె వెంట పక్కకి జరిగింది, కొట్టు మళ్ళీ ఖాళీ.

"వాళ్ళొచ్చింది నీ కొట్టుకి కాదురా" అంది ఆమె నెమ్మదిగా.

వాడు బుర్ర గోక్కున్నాడు. మర్నాడు కొట్టుని వదిలేసి, సరుకంతా ఒక గంపలో వేసుకుని, లైను పొడుగునా తిరిగాడు. ఊరికే నిలబడ్డవాడికి ఏదో ఒకటి కొనాలనిపిస్తుంది. ఆ పూటే గంప ఖాళీ అయింది. ఎవరూ అడగని ఎలుగుతోళ్ళు కూడా పోయాయి.

ఇక ఆమె రోజూ నిలబడాల్సిందే. ఒకరోజు వాడు స్నానానికి వెళ్ళినప్పుడు బొమ్మని దొంగచాటుగా ఏటి ఒడ్డుకి నడిపించింది. గాలం వేసి వెనక్కి తిరిగి చూస్తే, బురదనేల మీదుగా మోకాలి లోతు నీళ్ళలో లైను ఓపిగ్గా నిలబడి ఉంది. అక్కడే కీబోర్డు మీద తల ఆనించి ఏడ్చింది. తరవాత బొమ్మని సంతకే తిరిగి తీసుకొచ్చింది.

వాడి పేరు సంతంతా పాకింది. అక్కడి అతిపెద్ద వర్తక సంఘంవాళ్ళు వాడిని నెలజీతం మీద పెట్టుకుంటామన్నారు. కొట్టుతో పాటు నీలం శాలువా బొమ్మని కూడా తమకి రాసివ్వాలన్నది ఒక్కటే షరతు.

"నీకెలాగూ ఆ లైనంటే ప్రాణం విసిగిపోయింది కదక్కా, నీకూ విడుదలే" అన్నాడు. వాడు నిజంగానే ఆమె మంచి కోరే అన్నాడు. అమ్మ కూడా వీడు మళ్ళీ గాడిలో పడ్డాడని కళ్ళు తుడుచుకుంది. ఇద్దరి మధ్యా కూర్చుని పెద్దమ్మాయి ఇంకేం అనగలదు? పాస్‌వర్డు చెప్పేసింది.

మర్నాడు షూ లేసు ఊడితే కట్టుకుని, అలవాటు తప్పి, వీధి మూల నిలబడిపోయింది. ఎవరూ రాలేదు. ఇంకాసేపు నిలబడింది. జనం ఆమెని ఒరుసుకుంటూ పోయారు. షాపులో యజమాని ఆమెని గుమ్మంలో నిలబెట్టి చూసి, రెండోరోజుకి పిలవడం మానేశాడు. బ్యాంకుకి వెళితే ఇదివరకు ముందున్నవాళ్ళు కూడా ఆమె వెనక్కే వచ్చి చేరేవాళ్ళు, ఇప్పుడు జీవితంలో మొదటిసారి ఒకరి వెనక నిలబడాల్సి వచ్చింది. ఒకాయన మధ్యలో దూరిపోయాడు. అలాంటప్పుడు ఏమనాలో ఆమెకి తెలియదు, ఎప్పుడూ అవసరం రాలేదు మరి. ఒక అడుగు వెనక్కి జరిగింది.

ఇంత జరిగాక, ఒక మంచి అయినా జరగాలి కదా అనుకుంది. లైను బొమ్మతోపాటే పోయింది కాబట్టి కొత్త బొమ్మకి ఆ బెడద ఉండదు. ఓ సాయంత్రం తనే కష్టపడి ఒక బొమ్మని చేసుకుంది. ఆట మొదట్లో ఇచ్చే గోనెరంగు చొక్కా, చేతిలో గాలం. ఏటికి వెళ్ళే దారి సంతలోంచే పోతుంది. దాటిపోతే చాలనుకుని బయల్దేరింది.

సంత మధ్యలో నీలం శాలువా నిలబడి ఉంది. ఎవరినీ చూడదు, దేనికీ కదలదు. దాని వెనక లైను కోట చుట్టూ తిరిగి అడవి దాకా పోయింది. పెద్దమ్మాయి దాని పక్కనుంచి, లైను వెంబడే నడిచింది. చివరికి వచ్చింది. ఏటి దారి ఎడమకి ఉంది. మీటల మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి. గోనెరంగు చొక్కా బొమ్మ తిరిగి, ఆఖరి మనిషి వెనక నిలబడింది.

కదిలించాలని చూసింది. వేళ్ళలో ఆ కోరిక లేదు. ముందు ఎవరో ఉన్నారు, వాళ్ళ ముందు ఇంకెవరో ఉన్నారు, ఇక తను ఏదీ తేల్చుకోనక్కర్లేదు అనిపించింది. వీళ్ళందరికీ ఇన్నేళ్ళుగా తన వెనక దొరికింది ఇదన్నమాట.

గంప మోసుకుంటూ ఒక వర్తకుడు లైను వెంట వచ్చాడు. ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ, ఆమె దగ్గరా ఆగాడు.

"కొత్తగా వచ్చినట్టున్నారండీ. తోళ్ళు, మందువేళ్ళు, ఏమైనా కావాలా?"

పక్కగదిలో తమ్ముడు కీబోర్డు టకటకలాడిస్తున్న చప్పుడు గోడలోంచి వినబడుతోంది. పిలిస్తే పలుకుతాడు. ఆమె పిలవలేదు. ఉన్న కాసిని నాణేలూ ఇచ్చి, ఎందుకూ పనికిరాని వేరు ఒకటి కొనుక్కుంది. వాడు దండం పెట్టి లైను వెంట వెనక్కి వెళ్ళిపోయాడు.

"భోజనానికి రావే, చల్లారిపోతోంది" అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఉండమ్మా" అంది పెద్దమ్మాయి, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "నా ముందు ఇంకా చాలామంది ఉన్నారు."