మిగిలిన మాత్రలు

నా భార్య మెమ్చా పోయిన రోజు, ఇంకా చితి పేర్చకముందే, ఇబేతోంబి మా వాకిట్లోకి వచ్చింది. ఇంఫాల్ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. మెమ్చాలాగే తనూ హెచ్‌ఐవి రోగే. మా రోగుల సంఘానికి పెద్ద. అందరికీ ఇమా, అంటే అమ్మ. బడిపంతులునని నన్ను ఓజా అంటారు.

"ఓజా, నీ భార్య మాత్రలు ఎన్ని మిగిలాయి?"

నాకు అసహ్యం వేసింది. శవం పక్కన ఇదేం అడగడమన్నాను.

"ఆమె మింగినవీ మన సంఘంలో తోమ్‌చౌ పోయినప్పుడు తెచ్చినవే," అంది.

సంఘంలో అదే రివాజు. ఎవరు పోయినా నిప్పు పెట్టేలోగా మిగిలిన మాత్రలు, తేమ పట్టకుండా వేయించిన బియ్యం పోసిన రేకు డబ్బాలోకి చేరాలి. కొనలేని ఇంకొకరు వాటితో బతకాలి. వెతికి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

ఆ మందు పేటెంటు ముగిసే వేళకు కంపెనీ అదే రసాయనాన్ని మరో లవణంగా మార్చి, ఇంకో ఇరవై ఏళ్ల హక్కు సంపాదించింది. ఇక చౌక మందు ఎవరూ చేయకూడదు. మేం ఢిల్లీలో కోర్టుకెక్కాం.

పాత రూపం తేమకు పాడైపోతుందనీ, కొత్తది పాడవదనీ కంపెనీ వాదన. వానలెక్కువ పడే చోట్ల పేదల మీద దయతోనే కనిపెట్టామన్నాడు లాయరు, రుమాలుతో పెదవులు ఒత్తుకుంటూ.

ఆ పాత మాత్రలు మా డబ్బాలో రెండు వానాకాలాలు గడిపాయి. అవి పాడవలేదనడానికి మింగినవాళ్ల రక్తపరీక్షలే సాక్ష్యం. కానీ ఆ మాట చెబితే, అనుమతి లేకుండా మందులు పంచిన నేరం. బసలో చాలాసేపు వాదించుకున్నాం. మా లాయరమ్మ వద్దంది. నేనూ వద్దన్నాను.

"నీ పెళ్ళాం బతికిన ఆ చివరి ఏడాది నేరమేనా ఓజా? బళ్లో పిల్లలకు అదే చెప్పు మరి," అంది ఇమా. "చేపకు రంగు పూసి కొత్త చేపంటే సంతలో నా జుట్టు పట్టుకుంటారు. వీళ్లకు కుర్చీ వేస్తున్నారు."

రక్తపరీక్ష కాగితాలు తేదీల వారీగా సర్దడం మొదలుపెట్టాను.

మర్నాడు జడ్జి అనుమతితో ఆమె మాట్లాడింది. రక్తపరీక్ష కాగితాలు, తేదీలున్న ఖాళీ మాత్రల అట్టలు బల్ల మీద పెట్టింది. కంపెనీ లాయరు వాటిని ముట్టుకోలేదు. ఆమె మీద కేసు పెట్టాలని మాత్రం అడిగాడు.

వరండాలో పోలీసులు ఆమె చెయ్యి పట్టుకున్నారు. సంఘం వాళ్లం ముప్పై ఒక్కరం దారికి అడ్డంగా నిలబడ్డాం.

"నేనూ మింగాను, రాసుకో," అన్నాడు ఆటో నడిపే నాబచంద్ర.

వెనక మరో గొంతు, నేనూ అంది. మరొకటి. మింగనివాళ్లూ అన్నారు.

"ఇచ్చింది నేను," అన్నాను.

అందరి పేర్లూ రాసుకుని ఇమాను తీసుకెళ్లారు.

తీర్పు ఇంకా రాలేదు. ఇమాకు రోజూ పడాల్సిన మాత్రను జైల్లోకి పంపేందుకు అనుమతి ఇంకా దొరకలేదు.