మెత్తని స్ప్రింగు

నేను ఒక వేలాడే కాటాను. పైనొక కొక్కెం, కిందొక కొక్కెం, మధ్యలో గడియారంలాంటి గుండ్రని ముఖం, దాని మీద ఇరవై కిలోల దాకా అంకెలు, ఒక ఎర్ర ముల్లు. నా పని ఒక్కటే. తగిలించిన వస్తువు బరువెంతో అంతే చెప్పడం. ఎవరి ముఖం చూసీ ఎక్కువ చెప్పకూడదు, తక్కువ చెప్పకూడదు. ఈపాటి పని కూడా నన్ను చెయ్యనివ్వని మనుషుల మీద నాకు కోపం. అది చల్లారాక నా కథ చెబుదామనుకున్నాను. ఏళ్ళు గడిచినా చల్లారలేదు కనక ఇలాగే చెబుతున్నాను.

రాజమండ్రిలో ఒక రేకుల షెడ్డులో మీరా సాహెబు అనే ముసలాయన నన్ను చేశాడు. స్ప్రింగు బిగించి, ఇనప గుండ్లు ఒక్కొక్కటీ తగిలించి చూసేవాడు. ముల్లు వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే మళ్ళీ మొత్తం విప్పేవాడు. నన్ను నాలుగుసార్లు విప్పాడు. అయిదోసారి చూసి, గుడ్డతో నా అద్దం తుడిచాడు. నా జన్మలో నాకు దక్కిన గౌరవమంటే అదే.

మొదట నన్ను కొన్నది ఆకివీడులో ఒక రొయ్యల వ్యాపారి. సరుకు కొనేటప్పుడు చిటికెనవేలు కింద ఆన్చి పైకి ఎత్తేవాడు, అమ్మేటప్పుడు అదే వేలితో కిందికి లాగేవాడు. ఆ వేలికి ఉంగరం, ఉంగరం మీద దేవుడి బొమ్మ. దేవుడు కూడా నాతోపాటు రోజుకు ఎన్నోసార్లు పైకీ కిందికీ తిరిగేవాడు. వ్యాపారి దుకాణం ఎత్తేసినప్పుడు నన్ను కొండబాబు గారు తీసుకున్నారు.

కొండబాబు గారు రోడ్ల కాంట్రాక్టరు. ఉప్పుటేరు పక్కన సొంత పొలంలో పన్నెండెకరాల చెరువు తవ్వించారు. వ్యాపారానికి కాదు, సరదాకి. అందులో పండుగప్ప చేపలు పెంచాలి, స్నేహితులు గాలాలు పట్టుకుని రావాలి, పది కిలోల చేప పట్టి ఫొటో దిగాలి. మూడేళ్ళు చేపపిల్ల మీద చేపపిల్ల పోయించారు గాని ఒక్క చేపా కిలో దాటలేదు. అప్పుడు కొల్లేటి లంక నుంచి పెద్దింట్లు అనే ఆమెను పిలిపించి చెరువు అప్పగించారు.

పెద్దింట్లుకు నలభై ఆరేళ్ళు. తండ్రి దగ్గర వల నేర్చుకుంది, భర్త పోయాక చెరువుల కాపలాతోనే బతికింది. వచ్చిన రోజే వల వేయించి యాభై చేపల్ని ఒక్కొక్కటిగా తడిగుడ్డలో చుట్టి నాకు తగిలించింది. తలలు పెద్దవి, పొట్టలు వీపుకు అంటుకుపోయి ఉన్నాయి.

"అయ్యగారూ, ఈ సెరువులో తినేవోళ్ళు ఎక్కువండి, తిండి తక్కువండి. అరకిలో లోపువన్నీ తీసెయ్యాలి" అంది.

"పెంచుదామని పోస్తే తీసెయ్యమంటావేంటే?" అన్నారాయన.

"తియ్యకపోతే పదేళ్ళకైనా ఇంతేనండి. పెద్దది పెద్దదవ్వాలంటే దానికి తిండుండాలి, సోటుండాలి."

ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. ఆమె చెరువులో మూడొంతుల చేపల్ని తీయించేసింది. పక్కనే చిన్న గుంట తవ్వించి అందులో చైనాగొరకలనే చిన్న చేపల్ని పెంచి, వారానికోసారి పండుగప్పలకు మేతగా వదిలేది. నీడకీ మాటుకీ తాటిమొద్దులు ముంచింది. ఎండాకాలం నీళ్ళు చిక్కబడితే మేత ఆపేసి కొత్త నీళ్ళు పెట్టించేది. నెలకోసారి చేపల్ని తూచేది. తూచే ముందు, అయిదు లీటర్ల డబ్బా నిండా నీళ్ళు నింపి నాకు తగిలించి, నేను సరిగ్గా ఉన్నానో లేదో చూసుకునేది. నన్ను అనుమానించినందుకు నాకెప్పుడూ కోపం రాలేదు. మీరా సాహెబు తర్వాత నన్ను అలా చూసిన మనిషి ఆమె ఒక్కతే.

చేపలు పెరిగాయి. రెండో ఏడు మూడు కిలోలు, నాలుగో ఏడు ఆరు. ఆరో ఏటికి ఒక చేప తొమ్మిది కిలోల మూడొందలకు వచ్చింది. దానికి పెద్దింట్లు పెద్దావిడ అని పేరు పెట్టింది. పండుగప్ప చిన్నప్పుడు మగదనీ, బాగా పెరిగాకే ఆడదవుతుందనీ వీర్రాజుకు చెప్పి నవ్వేది. వీర్రాజు ఆ చెరువు మీద మోటార్లు చూసేవాడు. "ఇంకో ఏడాది ఓపిక పడితే పది దాటుద్ది" అనేది పెద్దింట్లు.

ఆ ఏడాది ఓపిక కొండబాబు గారు పట్టలేకపోయారు. ఫిబ్రవరిలో గాలాల పోటీ పెట్టి, ఊళ్ళన్నిటికీ పదికిలోల చేపలున్నాయని చెప్పేశారు. పోటీకి ముందురోజు మధ్యాహ్నం, పెద్దింట్లు భోజనానికి వెళ్ళినప్పుడు, వీర్రాజు నన్ను బల్ల మీద పడుకోబెట్టి వెనక రేకు విప్పాడు. మీరా సాహెబు బిగించిన స్ప్రింగు పీకి, దాని చోట మెత్తనిదొకటి పెట్టాడు. పక్కన కొండబాబు గారు నిలబడి ఉన్నారు.

"ఖాళీగా ఉంటే సున్నా దగ్గరే ఉంటది కదా?" అని అడిగారు.

"ఉంటదండి. బరువు తగిలితేనే ఎక్కువ సూపిద్ది" అన్నాడు వీర్రాజు.

అరిచే నోరు నాకు లేదు. ఉన్న నోరల్లా ఆ ముల్లే. దాన్నే వాళ్ళు చెడగొట్టారు.

మర్నాడు పొద్దున తణుకు నుంచి వచ్చిన నాగమురళి అనే కుర్ర బ్యాంకు ఉద్యోగి గాలానికి పెద్దావిడ పడింది. ముప్పావుగంట పెనుగులాడి ఒడ్డుకు తెచ్చాడు. పెద్దింట్లు తడిగుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కొండబాబు గారు ఆమెను పక్కకు తప్పించి, "గుడ్డలో చుడితే ఫొటోలో ఏం కనపడుద్ది?" అని, మొప్ప కిందనుంచి నా కొక్కెం దూర్చి చేపను వేలాడదీశారు. నా ముల్లు పదకొండు కిలోల నూటయాభై చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పెద్దింట్లు నా ముఖంలోకి చూసింది. ఇరవై రోజుల కిందటే ఆ చేపను నాతోనే తూచింది. నేను ముక్కలైపోయినా ఇంత బాధపడేదాన్ని కాను.

"ముందు సేపని నీళ్ళల్లో వదలండయ్యగారూ. తూకం సంగతి తర్వాత మాటాడదాం."

"ఫొటోలవనీ."

ఒకరి తర్వాత ఒకరు చేప పక్కన నిలబడి దిగారు. కొందరు కళ్ళద్దాలు పెట్టుకుని రెండోసారి దిగారు. దాని బరువు నా మీద ఉంది కనక అది కొట్టుకోవడం తగ్గిపోతున్న సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది. చివరికి పెద్దింట్లు ఎవరినీ అడగకుండా వచ్చి, చేపను రెండు చేతులతో ఎత్తి, కొక్కెం తప్పించి, నడుంలోతు నీళ్ళలోకి దిగింది. ఊపిరాడాలని చేప మూతి నీళ్ళలో ముందుకు పట్టుకుని మెల్లగా నడిపించింది. అరగంట నడిపించింది. పెద్దావిడ పొట్ట పైకి తిరిగింది.

ఆమె తడిచీరతో ఒడ్డెక్కి, డబ్బా నిండా నీళ్ళు నింపి నాకు తగిలించింది. నా ముల్లు ఆరు దాటింది.

"అయిదు లీటర్ల నీళ్ళు ఆరు కిలోలు ఎప్పట్నించయ్యాయండి?"

కొండబాబు గారు నా వైపు చూసి, "కాటా పాడైపోయినట్టుంది" అన్నారు. నన్ను పాడు చేయించిన మనిషే ఆ మాటన్నారు.

నాగమురళి ముందుకొచ్చి, "నిజంగా ఎంతుంటుందమ్మా?" అని అడిగాడు.

"తొమ్మిది మూడొందలు బాబూ. నువ్వు పట్టిందాంట్లో అబద్ధం లేదు."

అతను తనకిచ్చిన బహుమతి షీల్డు కుర్చీలో పెట్టి వెళ్ళిపోయాడు. అతని వెనకే మిగతావాళ్ళూ కదిలారు.

"రేపట్నించి నువ్వు రానక్కర్లేదు" అన్నారు కొండబాబు గారు.

"ఇయ్యాల్టినించే రానండి. ఆరేళ్ళు పెంచాను. సచ్చిపోయేదాకా మీకు దాని బరువే కనపడింది."

ఆమె తడిగుడ్డ పిండి భుజాన వేసుకుని గట్టు వెంట నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. నన్ను చూస్తుందేమోనని నేను చాలాసేపు ఎదురుచూశాను.

ఆ తర్వాత చిన్నవాటిని తీసేవాళ్ళు లేరు. కొండబాబు గారు మళ్ళీ పిల్ల పోయించారు. రెండేళ్ళలో చెరువు నిండా పెద్ద తలలూ అంటుకుపోయిన పొట్టలూ. మేత గుంట ఎండిపోయింది. పెద్దింట్లు కైకలూరు వైపు వేరే చెరువు చూస్తోందని కొత్త కాపలావాడి భార్య చెప్పగా విన్నాను. పనిలో చేరేటప్పుడే, కాటా తన ఇంట్లోనే ఉండాలని షరతు పెట్టిందట. ఆ కాటా ఎవరో గాని, దాని మీద నాకు అసూయ.

నన్ను మోటారు షెడ్డులో పారేశారు. అక్కడ తుప్పు పట్టాను. మొన్న పాత ఇనుముతో కలిపి వీర్రాజు నన్ను బస్తాలో వేసి తుక్కు దుకాణానికి తీసుకెళ్ళాడు. దుకాణదారు బస్తాలోంచి నన్ను తీసి తన కాటా మీద పెట్టాడు. నా బరువు రెండున్నర కిలోలు. నాకు తెలియదా. ఆ కాటా కిలో ఎనిమిదొందలు చూపించింది. నేను దాని ముఖంలోకి చూశాను. దాని కడుపులో ఎలాంటి చేతులు తిరిగాయో నాకు తెలుసు. అందుకే దాన్ని ఏమీ అనలేకపోయాను.