నేను బిగుసుకోలేదు

నేను ఒక వెండి మెట్టెను. దమయంతి ఎడమకాలి రెండో వేలిదాన్ని. కుడికాలిది మా అక్క. కంసాలి భద్రాచారి ఇద్దర్నీ ఒకే తీగలోంచి తెగ్గొట్టి, చిన్న సుత్తితో మొట్టి మొట్టి వంచాడు. ముందే చెప్తున్నాను, నాకు కోపం ఎక్కువ. దుమ్మూ ధూళీ తింటూ కాలి దగ్గర బతికేదాన్ని, ఆ మాత్రం ఉండదా? అందులోనూ చెయ్యని తప్పు నెత్తిన వేస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

పెళ్ళిలో పెళ్ళికొడుకు తవిటయ్య వంగి నన్ను తొడిగాడు. పక్కనే నిలబడ్డ అతని తల్లి పోలమ్మ "సరిగ్గా తొడగరా, జారిపోతాది" అని రెండుసార్లు హెచ్చరించింది. ఆవిడ కాలివేళ్ళు బోసిగా ఉండేవి. మొగుడు పోయిన రోజున నలుగురూ పట్టుకుని ఆవిడ మెట్టెలు తీసేశారట. అప్పట్నుంచి మెట్టె లేని వేలంటే ఆవిడకి హడలు. మెట్టె అంటే మగడి ఆయుష్షని మీరంతా అంటూనే ఉంటారు, పాపం ఆవిడ నిజంగా నమ్మింది. తొడుక్కున్నదాని ఆయుష్షు ఎక్కడుంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

శ్రీకాకుళం వైపు, సముద్రానికి దగ్గర ఊరు మాది. అత్తాకోడళ్ళిద్దరూ జీడిపప్పు ఫ్యాక్టరీలో నేలమీద ఆడవాళ్ళ వరసలో కూర్చుని పప్పు మీద పొర ఒలిచేవారు. దమయంతి కబుర్లపుట్ట. ఆమె నోరు విప్పితే వరసంతా నవ్వేది, మేస్త్రీ కసిరేవాడు. ఇంట్లో చేపల పులుసు వండితే తలకాయ కోడలికే వెయ్యాలి, కొడుక్కి కూడా కాదు. పోలమ్మకి ఆ పిల్లంటే అంత ప్రాణం. అది మీరు మరిచిపోవద్దు.

మొదట ముఖం మారింది. పొద్దున్న లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు బుగ్గ గిల్లి, "ఓలమ్మా, అత్త తిండి ఒంటికి పట్టీసింది సూడండే" అన్నారు. పోలమ్మ మురిసిపోయింది. ఆ సాయంత్రమే దిష్టి కూడా తీసింది.

తర్వాత నా వంతు వచ్చింది. పొద్దున్న వదులుగా తిరిగేదాన్ని, సాయంత్రానికి వేలిని కరుచుకునేదాన్ని. కాలి దగ్గర ఉంటాను కనక ఇంకెవరూ చూడనిది కూడా చూశాను. ఆమె మూత్రానికి వెళ్తే నేలమీద తెల్లగా నురగ కట్టేది, నీళ్ళు పోసినా ఒక పట్టాన పోయేది కాదు. సిగ్గుపడి ఆ మాట మొగుడికి కూడా చెప్పలేదు. ఒకరోజు తవిటయ్య కాళ్ళు పడుతూ బొటనవేలితో నొక్కితే కాలి మీద గుంట పడింది, ఎంతకీ పూడలేదు. "మైదాముద్దలాగ ఉందే నీ కాలు" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నోరుంటే అప్పుడే అరిచేదాన్ని.

వేలు ఎర్రబడి పుండు పడింది. ఇంక నేరస్తురాలు దొరికింది. "ఈ మెట్టే ఒరిసీసింది, పాడు మెట్టె!" అని పోలమ్మ నన్ను తిట్టి పసుపూ కొబ్బరినూనే రాసింది. కాలు వాచడం వల్ల నేను బిగిశానా, నేను బిగియడం వల్ల కాలు వాచిందా అని ఆలోచించే తీరిక ఎవరికుంది?

దమయంతి ఒకసారి అడిగింది. "తీసీనా అత్తా? సలుపుతోంది."

"నోర్ముయ్యే! నా కొడుకు బతికుండగా తీస్తావేటి?" అని పోలమ్మ గుండె బాదుకుంది.

తీయకుండా సాగదీయించడానికి భద్రాచారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పట్టకారుతో నా కొసలు ఎడంచేసి, "ఇప్పుడు సుఖంగా ఉంటాది తల్లీ" అన్నాడు. కొన్నాళ్ళు సుఖంగానే ఉంది. మళ్ళీ బిగిసింది. మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళారు. సర్కారు ఆసుపత్రి ఆ వీధి చివరే ఉంది.

నడుం నొప్పికి దమయంతి మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని రోజూ మింగేది. ఆ మాత్రలు కిడ్నీలకి చేటని ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. అన్నం సయించడం మానేసింది. ఒళ్ళంతా దురద. ఫ్యాక్టరీలో వరస నిశ్శబ్దమైంది. చివరికి ఒక మధ్యాహ్నం పప్పు ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఆయాసంతో ఒరిగిపోతే, తవిటయ్య ఆటోలో వేసుకుని పట్నం పరిగెత్తాడు.

అక్కడి డాక్టరమ్మ బీపీ చూసి, రక్తం, మూత్రం పరీక్షలు చేయించింది. "రెండు కిడ్నీలూ బాగా పాడయ్యాయి. ముఖం ఉబ్బడం, కాళ్ళ వాపు, మూత్రంలో నురగ... ఎన్నాళ్ళనించమ్మా?" అని అడిగింది.

"మెట్టె ఒరిసిందనుకున్నామమ్మా" అంది పోలమ్మ.

"వాపు కనిపించిన కొత్తలోనే వచ్చుంటే ఈ పరీక్షలతోనే తెలిసిపోయేది. మందులతో ఇంత దూరం రాకుండా ఆపడానికి ప్రయత్నించేవాళ్ళం."

పోలమ్మ నా వైపు చూసింది. నిర్దోషినని ఆ చూపులో తెలిసింది. ఆ మాట కోసం ఎన్నాళ్ళు కాచుకున్నానో! తీరా వచ్చాక నాకేమీ సంతోషం కలగలేదు.

డయాలసిస్ పెట్టారు. ఒంట్లో నీరు తీసేసరికి కాలు సన్నబడి నేను జారి మంచం మీద పడ్డాను. "వాపు తగ్గీసింది!" అని తవిటయ్య చంటిపిల్లాడిలా ఏడ్చాడు. పోలమ్మ నాకు దారం చుట్టి మళ్ళీ ఆ వేలికే తొడిగింది. వారానికి మూడుసార్లు మిషను దగ్గరికి తిరిగారు. గుండె కూడా అలిసిపోయిందన్నారు. వానాకాలం వెళ్ళకుండానే దమయంతి వెళ్ళిపోయింది. నాకు ఏడవడం రాదు. వస్తే ఆ రోజు ఏడ్చేదాన్ని.

ఇంటి ముందు ఆమెను పడుకోబెట్టి పసుపు రాశారు, బొట్టు పెట్టారు. వరసలోని ఆడవాళ్ళొచ్చి కొంగులతో కళ్ళు తుడుచుకుంటూ, "అదృష్టవంతురాలు. మొగుడి చేతిలో పసుపు కుంకాలతో ఎలిపోయింది" అన్నారు.

అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న పోలమ్మ దిగ్గున లేచింది.

"ఏటే అదృష్టం? ఇరవై మూడేళ్ళకి పాడెక్కడం అదృష్టమేటే? నా కొడుకు గురించి బయపడ్డాను గానీ, కాలు వాచింది దీనిదని నాను సూడనేదే!"

ఆవిడ శవం కాళ్ళ దగ్గర కూలబడి నన్నూ, అక్కనీ లాగేసింది. ముత్తైదువకి అలా తీయకూడదని ఎవరో చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. ఆ బోసి వేళ్ళని రెండు చేతులతో పట్టుకుని, "ఇప్పుడు నొప్పి నేదు కదమ్మా, సెప్పవే" అని అడుగుతూ కూర్చుంది. వేళ్ళ మీద మా గాట్లు అలాగే ఉన్నాయి.